త్రిమూర్తులుగారికి చలి తగలకుండా

ఒక ఊసరవెల్లి ప్రాణం తీసినంత పని చేశాను నేను. పగతో కాదు, మర్యాదతో. లోకంలో ఊసరవెల్లులు పాములకూ పక్షులకూ బలైపోతుంటాయి. అతిథి మర్యాదకు బలి కాబోయినది మాత్రం బహుశా ఒక్కటే, అదీ జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో, మా హాల్లో, గది వెచ్చబెట్టే రేడియేటర్ పక్కన. అంతటి అవివేకానికి నాకెవరి శిక్షణా అక్కర్లేకపోయిందని ముందే ఒప్పుకుంటున్నాను. కార్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. నా తప్పు నాకు కనపడటానికి మాత్రం హనుమకొండ నుంచి ఒకడు అరవాల్సి వచ్చింది.

ఆ అరిచినవాడు వంశీ, మా ఆఫీసు కుర్రాడు. ఫిబ్రవరిలో పెళ్ళి చేసుకోవడానికి ఊరెళ్తూ, తన ఇద్దరు పెంపుడు బిడ్డల్ని మా ఇంట్లో దించాడు. ఒకటి యెమెన్ ఊసరవెల్లి, నెత్తిమీద కిరీటంలా లేచిన ఎముక. పేరు సుల్తాన్. రెండోది ఆఫ్రికా కొండల ఊసరవెల్లి. ముక్కు మీద ఒకటీ, కళ్ళ దగ్గర రెండూ, మొత్తం మూడు కొమ్ములు. అందుకని దానికి త్రిమూర్తులు అని పేరు పెట్టాడు.

మా మామగారి పేరు త్రిమూర్తులు.

ఈ సంగతి వంశీకి తెలియదు. నాకు తెలుసు కాబట్టి నవ్వాపుకోలేకపోయాను. ఆ నవ్వును మా ఆవిడ సుధ చూసింది. సగం కొంప అక్కడే మునిగింది.

"అన్నా, జర మంచిగ ఇను," అన్నాడు వంశీ. "ఇద్దరూ ఒక్క తీరు కాదు. సుల్తాన్‌కు బల్బు కింద ఎండ మండాలె. కీచురాళ్ళతోని పాటు ఆకులు గూడ తింటడు. త్రిమూర్తులు కొండ మీదోడు, వానికి వేడి పడదు. పగలు చిన్న బల్బు, పొద్దుగూకితే చల్లగుండాలె. ఆ చిన్న రూంల హీటర్ బంద్ చేసి, కిటికీ జర తెరిచి పెట్టు."

"బయట మంచు పడుతోంది వంశీ."

"పడనీ అన్నా. వానికి గదే హాయి."

"నీళ్ళు?"

"గిన్నెల పోస్తే ఇద్దరూ చూడరు. ఆకుల మీద చిలకరిస్తే చుక్కలు నాకుతరు. సుల్తాన్‌కు పొద్దున, సాయంత్రం చాలు. త్రిమూర్తులు చుట్టూ ఎప్పుడూ తేమ ఉండాలె. ఇంకోటి, ఒకరికొకరు కనపడొద్దు."

"తోడికోడళ్ళా ఏంటి?"

"అంతకన్నా ఎక్కువనే!"

కొన్నాళ్ళు అంతా సవ్యంగా సాగింది. అంటే, నేను బుర్ర వాడలేదన్నమాట. ఒక ఉదయం నీళ్ళు చిలకరించడానికి చిన్న గదిలోకి వెళ్ళిన సుధ జాకెట్ జిప్పు గొంతుదాకా లాక్కుంటూ బయటికొచ్చింది.

"ఏవండీ, ఆ గదిలో నా వేళ్ళే కొంకర్లు పోయాయి. పాపం, కొమ్మ పట్టుకుని ఎలా ముడుచుకు కూర్చున్నారో!"

"ఎవరు?"

"ఎవరేంటండీ, త్రిమూర్తులుగారు."

"సుధా, అది ఊసరవెల్లి."

"అయితే? ఆ యెమెన్ వాడికేమో హాల్లో బల్బూ, రేడియేటరూనూ. మా నాన్న పేరు పెట్టుకున్నాయనకేమో కిటికీ తెరిచిన స్టోర్ రూమా? రేపు మా నాన్న వచ్చినా అక్కడే పడుకోబెడతారా?"

ఈ ప్రశ్న ఊసరవెల్లి గురించి కాదని పెళ్ళైన పాఠకులకు చెప్పనక్కర్లేదు. కానివాళ్ళకు చెప్పినా లాభం లేదు. రాజమండ్రిలో మా మామగారు కార్తీకం రాగానే మంకీ క్యాప్ ఎక్కిస్తే శివరాత్రి దాటితేగాని దించరు. ఆ క్యాప్‌లోంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నట్టనిపించింది.

సరిగ్గా అప్పుడే నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. వాడు పడుకున్నంతకాలం మా ఇల్లు సుభిక్షంగా ఉంటుంది. వాడి లెక్క ఇదీ: ఒకడికి వేడి కావాలి, ఒకడికి చల్లదనం కావాలి. దానికి రెండు గదులూ రెండు పద్ధతులూ దేనికి? సగటు తీస్తే ఒకే గది, ఇద్దరికీ సమన్యాయం! ఆఫీసులో ఇలాంటి పనిని ఆప్టిమైజేషన్ అంటారు. చేసినవాడికి ప్రమోషన్ కూడా ఇస్తారు.

త్రిమూర్తులుగారి పంజరాన్ని హాల్లోకి మోసుకొచ్చి సుల్తాన్ పక్కన పెట్టాను. సుల్తాన్ పెద్ద బల్బును ఊడదీసి ఇద్దరికీ మధ్య వేలాడదీశాను. కిటికీలన్నీ బిగించాను.

"ఇప్పుడు సంతోషమేనా?"

"ఇప్పుడు అందరం ఒక ఇంట్లో ఉన్నట్టుంది," అంది సుధ.

ఫలితం మధ్యాహ్నానికల్లా కనిపించింది. ఎండ దూరమై, ఎదుట శత్రువు దగ్గరై, సుల్తాన్ ఒళ్ళంతా నల్లబరుచుకుని, బుసకొడుతూ అటు తిరిగి కూర్చున్నాడు. అలిగాడనుకున్నాం. త్రిమూర్తులుగారు మాత్రం పచ్చదనం విడిచి లేత పసుపులోకి, అందులోంచి ఇంచుమించు తెలుపులోకి దిగారు. ఊసరవెల్లి రంగు మారిస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.

"చూశారా, కాస్త వెచ్చదనం తగిలేసరికి ఎలా రంగు తేలారో!" అంది సుధ.

"నోరు కూడా తెరిచారు. ఏదో చెప్పబోతున్నట్టున్నారు."

"నవ్వుతున్నారండీ."

ఆ నవ్వుమొహాన్ని ఫొటో తీసి వంశీకి పంపాను. "ఇంతకీ పెళ్ళికొడుకు నువ్వా, వీడా?" అని ఒక చమత్కారం కూడా తగిలించాను. మరుక్షణం వీడియో కాల్ మోగింది. తెరనిండా పసుపు. ఆ పసుపులో రెండు కళ్ళు, ఒక నోరు. వెనక ఆడవాళ్ళ పాటలు.

"అన్నా! ఏం జేసినవే! వాడు నవ్వుతలేడు, ఉడికిపోతుండు!"

"ఏంటీ?"

"వేడికి పాలిపోయిండు! గట్ల నోరు తెరిచిండంటే పానం మీదికొచ్చినట్టే! బల్బు ఆర్పు! బల్బు ఆర్పుర్రి!"

వెనక ఎవరో పెద్దావిడ "ఏ బల్బురా, పందిట్లదా?" అంది. ఇంకెవరో నిజంగానే పందిట్లో లైట్లన్నీ ఆర్పేశారు. పసుపు మొహం చీకట్లో కలిసిపోయి, గొంతు మాత్రం మిగిలింది.

"ఏ రూంల ఉన్నడు వాడు?"

"హాల్లో... సుల్తాన్ పక్కన. బల్బు మధ్యలో పెట్టి సగటు తీశాను."

చీకటి ఒక ప్రశ్న అడిగింది.

"అన్నా, కార్లకు బ్రేకులు గూడ గిట్లనే జేస్తవా?"

బల్బు ఆర్పేసి, పంజరం ఎత్తుకుని చిన్న గదిలోకి పరుగెత్తాను. కిటికీ తెరిచాను. సుధ సన్నగా నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది. సరీసృపాలు చూసే డాక్టరుకు ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా రెండు వారాల తర్వాత టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చింది. అప్పటికి మాకు కావలసింది డాక్టరు కాదు, పురోహితుడు.

ఆ మూడు కొమ్ముల ప్రాణి కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని కొమ్మకు వేలాడుతోంది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఇక్కడ మాత్రం నాకు చమత్కారమేదీ తోచలేదు. పెళ్ళిపీటల మీద కూర్చోబోయే కుర్రాడికి ఏ కబురు చెప్పాలో తెలియక ఫోను బోర్లించి కిటికీ గట్టు మీద పెట్టాను.

సుధ చేతులు జోడించింది. "త్రిమూర్తులుగారూ, మీకు పుణ్యముంటుంది, నోరు మూసుకోండి!"

పెళ్ళైన నాటినుంచి నేను అనలేకపోయిన మాటను మామగారి కూతురే అనేసింది.

ఆయన విన్నారు. నోరు మెల్లగా మూతపడింది. తోక చివర మొదలై, పచ్చదనం అంగుళం అంగుళంగా ఒంట్లోకి తిరిగొచ్చింది. ఒక ఆకు మీది చుక్కను నాకి, ఒక కన్ను నా వైపూ, ఇంకో కన్ను సుధ వైపూ తిప్పారు. రెండు కళ్ళలోనూ అభిప్రాయం ఒకటే. తర్వాత సుల్తాన్ బల్బు సుల్తాన్‌కు తగిలించాను. వాడూ నన్ను క్షమించినట్టు ఏ రంగూ చూపలేదు.

వంశీ పెళ్ళి చేసుకొచ్చాడు, ఊసరవెల్లుల్ని తీసుకెళ్ళాడు, కథను కూడా తీసుకెళ్ళాడు. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పుట్టినరోజైనా, గృహప్రవేశమైనా నా కథే మొదటి ప్లేటు. నాకు 'సగటన్న' అని పేరు స్థిరపడింది. వేసవిలో వీసా వచ్చి అతని భార్య కీర్తన కూడా దిగింది. ఆ ఏడాది వినాయక చవితికి అందరం ఒక హాలు అద్దెకు తీసుకుని తలా ఒక వంట తెచ్చుకున్నాం. వంశీ నా గొంతు అనుకరిస్తూ కథంతా చెప్పి, చివర కొత్త ముచ్చట కలిపాడు.

"ఇగ గిట్ల చెయ్యనని అందరి ముందట ఒట్టు పెట్టాలె అన్నా!"

పులిహోర గిన్నె మీద చెయ్యి వేసి లేచి నిలబడ్డాను. "వేడి కావలసినవాడికి వేడీ, చలి కావలసినవాడికి చలీ ఇస్తాను. ఎవరికీ సగటు తీయను. మామగారి పేరున్న ఏ జంతువునూ గౌరవించను. ఊసరవెల్లుల విషయంలో ఇకమీదట ఏదీ దాచను."

చప్పట్లు మోగాయి. కీర్తన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. నేను అన్నగారి వాత్సల్యంతో ఆమె వైపు తిరిగాను.

"మీ ఇంట్లో ఇబ్బందేం లేదు కదమ్మా?"

"లేదన్నా. పొద్దుగాల్నే నేను లేవకముందే తినబెడ్తడు. ఆ కీచురాళ్ళ లొల్లి గూడ బంద్ అయింది."

"అవునమ్మా, నువ్వొస్తున్నావని అవి మానేసి, చప్పుడు చెయ్యనివి పెంచుతున్నాడు. మొన్న నాతో గొప్పగా చెప్పాడు. బొద్దింకలు. వాటికి చీకటి, వెచ్చదనం కావాలట, అందుకే డబ్బా మీ మంచం కింద పెట్టాడు. మూత సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకో తల్లీ."

కీర్తన తన ప్లేటును నెమ్మదిగా బల్ల మీద పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"ఏందయ్యా, ఆ డబ్బల నా ఊలు సాక్సులు పెట్టినంటివి గదా?"

నేను ఇంకాస్త పులిహోర వడ్డించుకున్నాను.