చింతగింజల భాగహారం

మొన్న సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కోసం నిలబడి ఉంటే, చెవుల దగ్గర నెరిసిన ఒక ఉపాధ్యాయుడు గబగబా వచ్చి నమస్కారం పెట్టి, ఒకప్పుడు మిర్యాలగూడ శిక్షణలో నేను చింతగింజలతో నేర్పిన భాగహారాన్నే ఇప్పటికీ తన బడిలో చెబుతున్నాననీ, ఈ ఏడు తన బడి పిల్లలిద్దరికి గురుకులంలో సీట్లొచ్చాయనీ, అంతా మీ చలవేననీ చెప్పాడు. నా ఈడు టీచర్లకు తెలుసు, ఇట్లాంటి మాట కోసం మనం ఎంత మొహం వాచి ఉంటామో. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. తల ఊపి బస్సెక్కాను.

ఆ రోజుల్లో నడిగూడెం పక్కన ఒక చిన్న ఊళ్లో నాది ఒంటి టీచరు బడి, అంటే పాఠం చెప్పేదీ నేనే, పెద్ద టీచరునూ నేనే, తాళంచెవి కూడా నా కొంగునే. పాఠం చెప్పడం నాకు బాగా వచ్చు, ఆ మాట దాచుకోవడం దేనికి. అదే కొంప ముంచింది. తోటి టీచర్లకు నేర్పడానికి నన్ను ఎంచారు, ఇగ చూడండి, ఒకసారి కోదాడ, ఒకసారి సూర్యాపేట, వారం పదిరోజులు పోవడమే, నా బదులు ఎవరూ రాకపోతే బడికి తాళమే. పైవాళ్లు మెచ్చుకుంటుంటే, అబ్బో, నా కాళ్లు నేలమీద నిలిచేవి కావు.

మా బడిలో అన్నం వండే అమ్మకు నాలుగో తరగతి చదివే మనవరాలు ఉండేది. చెప్పింది చెప్పినట్టు పట్టేసే పిల్ల. గురుకులం పరీక్షకు పేరిచ్చాం. సీటొస్తే చదువు, రాకపోతే ఊళ్లో ఐదో తరగతి కాగానే మిరపతోట కూలి, వాళ్లింట్లో ఇంకో దారి లేదు. "టీచరమ్మా, నా పిల్లను నీ చేతుల పెట్టిన, జర సూడు" అని వంటమ్మ రోజూ అనేది, చూస్తాననే నేనూ అనేదాన్ని. కోదాడ శిక్షణకు చింతగింజలు కావాలంటే, పులుసు పిసికినప్పుడల్లా మిగిలిన గింజల్ని ఆ పిల్లే కడిగి, ఎండబెట్టి, పాతగుడ్డలో మూటకట్టి ఇచ్చింది. వాటిని గుప్పెళ్లుగా పంచి గదినిండా టీచర్లకు భాగహారం నేర్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. తిరిగొచ్చేసరికి పరీక్షకు మూడు రోజులే ఉంది. మా బడిలో భాగహారం ఇంకా మొదలే పెట్టలేదు.

సీటు రాలేదు. వంటమ్మ నన్ను తిట్టిందా అంటే అదీ లేదు. "పోనీ తియ్యమ్మా, నీకు పెద్దపెద్ద పనులుంటయ్" అని నా పళ్లెంలో అన్నం వడ్డించింది, మాటలో ఏ ఎత్తిపొడుపూ లేకుండానే. ఏడుపైనా రావాలి కదా, రాలేదు. తిన్నాను. తరువాత మిర్యాలగూడకు పిలిస్తే, సిగ్గులేకుండా అక్కడికీ పోయాను.

ఇప్పుడు శిక్షణలు చాలామటుకు ఫోనులోనే అయిపోతున్నాయట, టీచరు బడి విడిచి పోనక్కరలేదట. పోయిన నెల ఆ పిల్ల మా ఇంటికొచ్చింది, మిర్యాలగూడలో రైసుమిల్లు కూలీ ఇప్పుడు, తన బిడ్డకు గురుకులం దరఖాస్తు ఫోనులో నింపి పెట్టమని. నింపుతూ నింపుతూ తల్లి చదువు అడిగినచోట నా వేలు ఆగిపోయింది. "ఐదు అని రాయి టీచరమ్మా" అంది నవ్వుతూ. ఐదు అనే రాశాను. బడికి తాళం వేయకుండానే టీచర్లు నేర్చుకునే రోజులొచ్చాయి, సంతోషమే; అవి వచ్చేసరికి ఆ పిల్లకు చదువుకునే వయసు దాటిపోయింది.