ఎవడురా ఇది రాసింది?

మొన్న వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సులో నా ముందు సీట్లోంచి ఒక రాక్షసబల్లి అరిచింది. భయపడాల్సినంత అరుపు కాదు. డబ్బాలో పడ్డ పిల్లి అరిచినట్టు సన్నగా, రేకు మోతతో వచ్చింది. ఎవరో కాలేజీ అమ్మాయి చేతిలో పట్టుకుని ఆడే ఆట యంత్రం మీద వంగి ఉంది. ఎండకు, ఆటకు కలిపి కాగిన ప్లాస్టిక్ వాసన నా దాకా వచ్చింది. ఆ అరుపూ ఆ వాసనా కలిసి నన్ను జిలానీ సార్ వాళ్ల వరండాలో కూర్చోబెట్టాయి. కండక్టర్ ఎక్కడికని ఎన్నిసార్లు అడిగాడో నాకు తెలియదు. జ్ఞాపకాలకు టికెట్ మాఫీ లేదని అతను నోటితో అనలేదు గానీ, చూపుతో అన్నాడు.

జిలానీ సార్ మన్ననూర్‌లో అటవీశాఖ ఉద్యోగం చేసి, రిటైరయ్యాక వనపర్తిలో మా ఇంటికెదురుగా స్థిరపడ్డారు. ఖాళీగా కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. మా వీధి కుక్కల మీద, మేకల మీద గస్తీ మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురికి ఈ సంగతి తెలిసి తన పాత ఆట యంత్రం తెచ్చిచ్చింది. అందులో ఉన్నది రాక్షసబల్లుల పార్కు నడిపే ఆట. కంచెలు వేయాలి, గుడ్లు పొదిగించాలి, మేత పెట్టాలి, చూడవచ్చిన జనాన్ని అవి తినకుండా చూసుకోవాలి. పెద్ద టీవీల మీద ఆడుకోవడానికి చేసిన ఆటను అరచేతి తెరలోకి దించారు. దించడంలో చెట్లు కాస్త పలచబడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం చీమతలకాయలంత అయ్యాయి. సార్ కళ్లకు అప్పటికే పొర కమ్ముతోంది. బల్లి కనబడేది, బల్లి కింద రాసింది కనబడేది కాదు. చదివిపెట్టడానికి నన్ను పిలిచారు. నేను డిగ్రీ చదువుతున్నానని మా ఇంట్లో నమ్ముతున్న రోజులవి.

ఆయన పార్కు నడిపే పద్ధతి ఆ ఆట చేసినవాళ్లు ఊహించి ఉండరు. హోటళ్లు కట్టరు, దుకాణాలు పెట్టరు. జీపెక్కి కంచె వెంబడి తిరుగుతారు. తిరిగినంతసేపూ చెట్లు నాటుతారు. కొన్నాళ్లకు అడవి ఎంత దట్టమైందంటే, వచ్చినవాళ్లకు ఒక్క బల్లీ కనబడలేదు.

"సార్, జనం కోపం మీదున్నరు. ఏం కనవడ్తలేదట," అన్నాను.

"మన్ననూర్ల సర్వీసంత జేసిన. పులిని ఒక్కసారి చూసిన, గది గూడ తోక," అన్నారు సార్. "కనవడకుంటే అడవి మంచిగున్నట్టు. చెప్పు వాళ్లకు."

నాకు మా వీధిలో జోకరని పేరుంది. పెళ్లిలో నవ్వించగలను, చావింట్లో ఆపుకోలేక తిట్లు తినగలను. జిలానీ సార్ దగ్గర మాత్రం నా జోకు ఒక్కటీ పేలలేదు. నేను చెప్పడం అయిపోగానే ఆయన ఎండుటాకును చూసినట్టు చూసి, "అయిపోయిందా? ఇగ చదువు," అనేవారు. ఆయన్ని ఒక్కసారి నవ్వించాలన్నది నాకు పరీక్ష పాసవడం కంటే పెద్ద పనైపోయింది. పరీక్ష విషయంలో ఆశ లేదు కాబట్టి ఈ పోలిక మరీ గొప్పదేం కాదు.

ఒకరోజు తెర మీద హెచ్చరిక వచ్చింది. మూడు కొమ్ముల జంతువుకు తోడు కావాలి, ఒంటరిగా ఉంది. రాసింది అంతే. నాకేం పుట్టిందో, "సార్, ఇది అంటుంది, సుట్టాలు రాని పెండ్లిల పిల్లగాని లెక్క నిలవడ్డ, ఒక్కణ్ణన్న తోలుండ్రి అని," అని చదివాను.

సార్ నవ్వారు. ఆయన పొట్ట ఊగింది, పొట్ట మీదున్న చాయ్ గిలాస ఊగింది, చాయ్ లుంగీ మీద ఒలికింది. లోపల్నుంచి సార్ భార్య, మా అందరికీ చాచీ, వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఏమైందీయనకు? దవాఖానకు ఫోన్ చెయ్యాల్నా?" అన్నారు.

సార్ కళ్లు తుడుచుకుని, "ఎవడురా ఇది రాసింది? మస్తు రాసిండు!" అన్నారు.

నేనే అని చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోపు సార్ అందుకున్నారు. "నువ్వు గూడ ఉన్నవ్ నర్సింహా, పొద్దుగాల లేస్తే జోకులని సంపుతవ్. గా రాసినోణ్ణి చూసి నేర్చుకో."

తెరిచిన నోరు మూశాను. నేనని చెబితే ఆ జోకు కూడా ఎండుటాకైపోతుందని భయం. ఆ రోజు నుంచి నాకొక శత్రువు ఏర్పడ్డాడు. పేరు లేదు, ఊరు లేదు, ఎక్కడో దూరదేశంలో కూర్చుని జంతువుల బాధలు రాసేవాడు. నేను రోజూ వరండాకు వెళ్లి, తెర మీద లేని మాటలు అల్లి చదివేవాణ్ణి. సార్ పడిపడి నవ్వేవారు. వాణ్ణి మెచ్చుకునేవారు. సాయంత్రం పాలాయన వస్తే వాడి మాటలే చెప్పి ఆయన్నీ నవ్వించేవారు. నేను ఇంటికి వెళ్లి వాడి మీద కుళ్లుకుంటూ అన్నం తినేవాణ్ణి. మనిషి తన మీద తాను అసూయపడటం కష్టమైన పని. వాడికి వచ్చే పేరును చూస్తే కడుపు మండేది, ఆ మంటను ఎవరికీ చెప్పుకునే వీలు లేదు.

తర్వాత మందకు రోగమొచ్చింది. ఒక బల్లికి సోకింది, మిగతావాటికి అంటుకుంటుంది, వెంటనే వైద్యం చేయించండి అని తెర మీద ఎర్రగా వచ్చింది. నేను, "అత్తగారింటికాడికెల్లి ముక్కు గార్చుకుంట వచ్చింది సార్, పలుకరిస్తే కొడ్తదట," అని చదివాను. సార్ నవ్వి, జీపును అటు తిప్పకుండా చెట్లు నాటుకుంటూ పోయారు. ఆయన నాటిన చెట్ల కిందే మంద మొత్తం ఒక్కొక్కటిగా పడిపోయింది.

సార్ యంత్రాన్ని మంచం మీద పెట్టి, తల మీది టోపీ తీశారు. బొమ్మ జంతువులే కదా అని నేను అనబోయి, ఆయన మొహం చూసి ఆగాను.

"రోగమని రాయలేదారా?"

"రాసిండు సార్. జర వంకరగ రాసిండు."

"రోగం కాడ మజాకేంది? వానికి గంత తెల్వదా? బేకార్‌గాడు!" అన్నారు సార్. నా శత్రువును చివరికి ఎవరో తిట్టారని ప్రాణం హాయిగా అనిపించింది. ఆ శత్రువు ఎవరో గుర్తొచ్చాక హాయి తగ్గింది.

ఆ వారంలోనే సార్ వాళ్ల పై గదిలోకి కేశవ కిరాయికి దిగాడు. గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్లాడు, మా కాలేజీయే. సార్ అతణ్ణి కూడా చదవమన్నారు. కేశవ ఉన్నది ఉన్నట్టు చదివాడు. "మేత తక్కువున్నది సార్. తూర్పు దిక్కు కంచె తెగింది. ఒకదానికి దెబ్బ తగిలింది." సార్ అక్కడికక్కడ జీపు తిప్పేవారు. పార్కు కోలుకుంది. కొత్త మంద పొదిగింది. "శభాష్ బిడ్డా," అన్నారు సార్. ఆ మాట ఆయన నోట అంతకుముందు నేను వినలేదు. నేను కూర్చునే కుర్చీలో కేశవ, నేను మెట్ల మీద. ఇప్పుడు నాకు శత్రువులు ఇద్దరు. ఒకడు లేడు, రెండోవాడు నా కుర్చీలో ఉన్నాడు.

అయితే సార్ నవ్వడం మానేశారు. ఒకరోజు విసుగ్గా, "రాసేటోణ్ణి మార్చిండ్రేమో, గీ మధ్య మజా లేదు," అన్నారు.

"నేను ఉన్నదే చదువుతున్న సార్," అన్నాడు కేశవ, చిన్నబోయి. వాడి ఇంగ్లీషు మీద సార్‌కు అనుమానం వచ్చిందని నాకు అర్థమైంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు కేశవ నన్ను మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "నర్సింహా, నువ్వు చదివినయని సార్ చెప్పేటియి గాంట్ల ఏడున్నయిరా?"

"నీకు కనవడయిలే."

"మా ఇంట్ల ఒక్క పోగు ఎక్కువ వడ్డా మా నాయిన పట్టుకుంటడు. లేంది తెచ్చి కలపుడు నాకు చేతగాదు." గోడ వైపు చూస్తూ అన్నాడు. "సార్ నన్ను శభాష్ అంటడు. నువ్వు చదివితె నవ్వుతుండెనట. గా నవ్వు నాక్కావాలెరా."

వాడు నా మీద కుళ్లుకుంటున్నాడని ఆనందించాలో, ఇద్దరం ఒకే మనిషి చుట్టూ ఇట్లా తిరుగుతున్నామని సిగ్గుపడాలో తేలలేదు. ఆ తగువు తెగకుండానే కంటి డాక్టర్ ఇద్దర్నీ ఓడించాడు. సార్ కూతురు ఆయన్ని తీసుకెళ్లి ఆపరేషన్ చేయించింది. నల్లద్దాల రోజులు గడిచాక సార్ వరండాలో కూర్చుని ఆట తెరిచారు. ఎవర్నీ పిలవలేదు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఒక హెచ్చరిక చదివారు. రెండోది చదివారు. యంత్రాన్ని దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు. తర్వాత తలెత్తి నేరుగా నన్ను చూశారు.

"నర్సింహా. ఇటు రా."

వీధి దాటడానికి నాకు అంత సమయం ఎప్పుడూ పట్టలేదు.

"గింతేనా రాసింది?" అన్నారు. "గా పెండ్లి ముచ్చట? గా అత్తగారిల్లు?"

"నావే సార్."

"మరి మంద సచ్చినప్పుడు?"

"గది గూడ నాదే."

సార్ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. పక్కనున్న కుర్చీని కాలితో నా వైపు తోశారు. యంత్రం నా చేతికిచ్చారు. "చదువు. ముందుగాల వాడు రాసింది చెప్పు. అటెన్క నీది చెప్పు. రెండు కలిపినవంటే చెప్పు తెగుతది."

"మీరే చదువుకోవచ్చు గద సార్ ఇప్పుడు."

"నాకు కండ్లొచ్చినయి. నోరు రాలేదు. చదువు."

చదివాను. "పొడుగు మెడ జంతువు కంచె పక్కన తిరుగుతుంది, స్థలం చాల్తలేదు. వాడు రాసింది గంతే సార్." ఊపిరి తీసుకున్నాను. "నాది ఏందంటే... 'మెడ కొన్నప్పుడే ఇల్లు గూడ సూస్కోవాలె అని మా అమ్మ మొత్తుకున్నది' అంటుంది."

సార్ నవ్వారు. మెట్ల మీద కేశవ కూడా నవ్వాడు. సార్ దగ్గర నా పేరు మీద పడిన మొదటి నవ్వు అది. ఎవరికీ పోలేదు, నాకే వచ్చింది. ఆ నవ్వులో ఎవరూ తెర చూడకపోవడంతో పొడుగు మెడది కంచె విరగ్గొట్టుకుని వెళ్లిపోయింది. సార్ దాన్ని పట్టలేదు. "పోనీ తీ, దాని అడవే గద," అన్నారు.

సార్ నిరుడు పోయారు. నేనిప్పుడు హైదరాబాద్‌లో, ఫోన్లలో ఆడే ఆటలకు తెలుగు మాటలు రాసే పనిలో ఉన్నాను. ఒకప్పుడు ఎవడి మీద కుళ్లుకున్నానో వాడి కుర్చీలోనే కూర్చున్నాను. అందులో గొప్పేమీ లేదు, కుర్చీకి ఒక చక్రం లేదు. కోట కూలుతుంటే కోట కూలుతోందనే రాస్తాను. రోగమొస్తే రోగమనే రాస్తాను. నాకు తోచిన రెండో మాట పెదాల దాకా వస్తుంది, మింగేస్తాను. ఎక్కడో ఒక వరండాలో చూపు మందగించిన ఒక పెద్దాయన ఉంటాడు, ఆయన పక్కన కుర్చీలో ఎవడో ఒకడు నేను రాసింది చదివి, ఆపై తనది చెబుతాడు. ఆయన పొట్ట ఊగేలా నవ్వుతాడు. ఆ నవ్వు నాకు రాదు. వాడెవడో నాకు తెలియదు గానీ, వాడి మీద నాకు ఇప్పటికే కుళ్లుగా ఉంది.