కొందరి అభిప్రాయం

కేంద్ర ప్రభుత్వంలో ముప్పై రెండేళ్లు ఫైళ్లు నడిపిన జనార్దనరావు ఒక్క ఫైలు మీద కూడా "నేననుకుంటున్నాను" అని రాసి ఎరగడు. రాస్తే ఎవరూరుకుంటారు? అటు చెప్పి, ఇటు చెప్పి, నిర్ణయం పైవాళ్లకి వదిలెయ్యాలి. అదే ఆయన ఉద్యోగాన్ని కాపాడింది, చివరికి అదే ఆయన కొంప ముంచింది.

రిటైరయ్యాక దేశ రాజధానిలోనే, ద్వారకా ఫ్లాట్‌లో కూర్చుని వేదంలోని ఇంద్రుణ్ణీ, ఉత్తర యూరప్ వాళ్ల ఉరుముల దేవుడు థోర్‌నీ పక్కపక్కన పెట్టి చూడ్డం మొదలెట్టాడు. ఒకడిది వజ్రాయుధం, ఒకడిది సుత్తి. ఇద్దరూ తిండిపుష్టి గలవాళ్లే, తాగుడుకి వెనకాడనివాళ్లే, మహాసర్పంతో తలపడ్డవాళ్లే. ఇదంతా దొరలు ఎప్పుడో రాసేశారు, మనం కొత్తగా పొడిచేదేముందని నీరసపడ్డాడు.

ఓ మధ్యాహ్నం భోజనం చేస్తుండగా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పాముని చంపాక ఇంద్రుడు విర్రవీగలేదు. భయపడి తొంభై తొమ్మిది నదులు దాటి పారిపోయాడు. థోర్ తొమ్మిదడుగులు వేసి, దాని విషానికి కూలిపోయాడు.

"గెలిచినవాడికి సుఖం లేదని ఆ కథలు కట్టినవాళ్లకి తెలుసే, హైమా" అన్నాడు భార్యతో.

ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు. అచ్చంగా ఆయనదే. హైమవతి ఆ పూటంతా ఆయన మొహం చూసి మురిసిపోయింది.

ధౌలా కువాన్‌లో ఒక కాలేజీ సదస్సుకి వ్యాసం పంపాడు. పంపిన మూడోరోజున, సదస్సు ఏర్పాట్లు చూస్తున్న ప్రణతి మేడమ్ ఫోన్ చేసింది. మిగతాదంతా పాతదేనట, ఆ పాము పేరా ఒక్కటే బాగుందట.

"'కొందరి అభిప్రాయం' అని రాశారు. ఆ కొందరెవరండీ? పేర్లు లేకపోతే తీసెయ్యాల్సొస్తుంది."

నేనే అంటే సరిపోయేది. కానీ నువ్వెవరివి చెప్పడానికి అని అడిగితే? ఎదురుగా, స్పీకర్లో అంతా వింటున్న హైమవతి ఆయనకేసే వేలు చూపిస్తూ, చెప్పండి చెప్పండని సైగలు చేస్తోంది. చెమటలు పట్టేశాయి మహానుభావుడికి.

"తీసెయ్యండమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఛీ, ఏం బతుకు ఇది, అంటూ కాగితాలన్నీ విసిరికొట్టాడు. హైమవతి వాటిని ఏరలేదు.

"మీ పేరు చెప్పుకోడానికి భయమైతే నా పేరు చెప్పకపోయారా" అంది. "ఆ మాట నేనైతే నమ్మాను."