సాత్ నంబర్ ఖలాస్

2022 మే నెల. రస్ అల్ ఖైమా కొండల్లో సైకిళ్లు అద్దెకిచ్చే ఒక షాపులో నేను మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ వచ్చిన కొత్తలో సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటూ కన్‌స్ట్రక్షన్ సైట్లలో ఇనుప చువ్వలు కట్టేవాణ్ణి. కరోనాలో ఆ పని పోయింది. ఊళ్లో పంక్చర్లు వేసిన చెయ్యే ఇక్కడ అన్నం పెట్టింది. మేము తప్పనిసరై మాడిన ఎండలోకి జనం సరదాగా సైకిళ్లేసుకుని వస్తుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది.

కొండల మీద ఒక్క సైకిలు పట్టేంత సన్నటి దారులుంటాయి. వాటినే ట్రైల్స్ అంటారు. తేలిక దారికి ఆకుపచ్చ గుర్తు, కష్టమైనదానికి ఎరుపు. మధ్యమధ్య వాడీలు, అంటే ఎండిపోయిన వాగులు. వాటిలోకి దిగితే ఫోను పనిచేయదు. వేసవిలో పదిన్నరకల్లా అందరూ కిందికి వచ్చేయాలి. ఆ తర్వాత మాలో ఒకరు దారులన్నీ తిరిగి, పైన ఎవరూ మిగల్లేదని చూసుకుని రావాలి. దాన్ని స్వీప్ అంటాం.

షాపు గోడకు ఒక బోర్డు పెట్టాను. సైకిలుకో నంబరు బిళ్ల. సైకిలు వెళ్తే బిళ్ల ఎడమకు, తిరిగొస్తే కుడికి. ఆ పద్ధతి నాదే కాబట్టి దాని మీద నాకు పొగరు కూడా ఉండేది. వేరేవాళ్లు బిళ్ల ముట్టుకుంటే కసురుకునేవాణ్ణి.

ఆ శనివారం ఏడో నంబరు సైకిలు సునీత సిస్టర్ తీసుకెళ్లారు. ఆవిడది భీమవరం వైపు. షార్జాలో నర్సు, ఉండేది అక్కడే రోలా ఏరియాలో. నెలకు రెండుసార్లు వచ్చేవారు. మేడం అంటే ఒప్పుకునేవారు కాదు, అక్కా అనమనేవారు. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. నా తెలంగాణ మాటను వెక్కిరించడం ఆవిడకొక సరదా.

పదీ పదికి రేడియోలో గుల్ భాయ్ గొంతు వినిపించింది. ఆయన పెషావర్ మనిషి, మా మార్షల్, అంటే దారుల్లో రైడర్లను కనిపెట్టుకుని ఉండేవాడు. రోజూ చివరి మలుపు దగ్గర నిలబడి, దిగి వచ్చిన సైకిలు నంబరు చెప్పి ‘ఖలాస్’ అంటాడు. రైడ్ పూర్తయిందని దానర్థం. ఆ రోజూ “సాత్ నంబర్ ఖలాస్” అన్నాడు. తర్వాత ఇంకేదో అంటుండగా రేడియో గరగరమని మాట తెగిపోయింది. నేను ఏడో బిళ్లను కుడికి జరిపాను.

గుల్ భాయ్ ఆ పూట చివరి మలుపు దగ్గర లేడు. భుజం విరిగిన ఒక రైడర్‌ను దించడానికి పైకి వెళ్లాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అలవాటుగా విన్నాను, అలవాటుగా చెయ్యి కదిలింది. బిళ్లలన్నీ కుడివైపే ఉన్నాయి కదా అని స్వీప్ కూడా ఎగ్గొట్టాను.

పదకొండూ ఇరవైకి సైకిళ్లు కడిగి కొక్కేలకు తగిలిస్తుంటే ఏడో కొక్కెం ఖాళీగా కనిపించింది. బోర్డు చూశాను. మళ్లీ కొక్కెం చూశాను. రేడియో పట్టుకుని, సాత్ నంబర్ ఎక్కడని అడిగాను.

“మైనే బోలా నా, మేడం ఖలాస్ హో గయీ, గాడీ భేజో,” అన్నాడు గుల్ భాయ్. ఎర్ర దారి వాడీలో ఏడో నంబరు మేడం పడిపోయిందని, ఇక నడవలేకపోతోందని అటుగా వచ్చిన రైడర్ ఎవరో ఆయనకు చెప్పాడట. బండి పంపమని ఆయన నాకు చెప్పాడు. ఆవిడ ఓపిక ఖలాస్ అని ఆయన అంటే, రైడ్ ఖలాస్ అని నేను విన్నాను. మా ఊళ్లో మనిషి పోయినా ఖలాస్ అయిండనే అంటాం. ఆ మాటే చెవిలో మోగుతూ ఉంది.

అంబులెన్సుకు ఫోన్ చేసి, పికప్ తీసుకుని వాడీ అంచుదాకా వెళ్లి, నీళ్ల డబ్బా భుజానేసుకుని పరిగెత్తాను. సైకిలు దొరికింది. వెనక గేరు మార్చే డీరెయిలర్ విరిగి చక్రంలో ఇరుక్కుంది. నీళ్ల సంచి చిరిగి పక్కనే పడి ఉంది. ఆవిడ లేరు. అక్కా అని అరిచాను. నా అరుపే కొండకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. అంత భయం నేను ఇరవయ్యో అంతస్తులో కాలు జారినప్పుడు కూడా ఎరగను.

చివరికి ఒక బండ కింద, చారెడు నీడలో కనిపించారు. మడమ వాచి ఉంది. ముఖం ఎర్రగా, పొడిగా ఉంది.

“తమ్ముడూ, జాగ్రత్తగా విను. చెమట పట్టడం ఆగిపోయింది. పదకొండున్నరకి. నేను చెప్పలేకపోతే డాక్టర్లకి నువ్వే చెప్పాలి.”

మెడ మీద, చంకల్లో నీళ్లు పొయ్యమన్నారు, తాగించవద్దన్నారు. నాకు చెయ్యి రాలేదు. సిగ్గుపడే టైమా ఇది అని కసిరారు. పోస్తూ ఉన్నాను. కాసేపటికి ఆవిడ నన్ను చూసి, “ఆరో బెడ్డు సెలైన్ అయిపోయిందమ్మా, మార్చండి,” అన్నారు.

“మారుస్తున్న అక్కా,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

గుల్ భాయ్ అంబులెన్సువాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. స్ట్రెచర్ మోస్తూ పదకొండున్నర, పదకొండున్నర అని వాళ్లకు పదిసార్లు చెప్పాను. వాళ్లు ఒకటే అడిగారు, ఈవిడ ఎప్పటినుంచి అక్కడ ఉందని. దానికి మాత్రం నేను నోరు మెదపలేదు.

ఆవిడ బతికారు. మా ముదీర్, అంటే మేనేజరు, రేడియో పనిచేయలేదని రిపోర్టు రాశాడు. నేను కాదనలేదు.

మూడు వారాలకు ఆవిడ మిఠాయి డబ్బాతో షాపుకు వచ్చారు. “దేవుడు పంపినట్టు వచ్చావు తమ్ముడూ. రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటున్నాను,” అన్నారు. ఆ మాట నేను మోయలేకపోయాను. బిళ్ల సంగతి, ఎగ్గొట్టిన స్వీప్ సంగతి, అన్నీ చెప్పేశాను.

ఆవిడ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టారు. తర్వాత, “ఎంతసేపండి?” అని అడిగారు. అంతవరకూ నన్ను అండి అని ఎరగరు.

“గంటా పది నిమిషాలు అక్కా.”

“ఆ గంటలో మా చిన్నదాని పేరు మర్చిపోయానండి. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.”

డబ్బా బల్ల మీదే వదిలి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. మిఠాయి నేను తినలేకపోయాను.

మరుసటి రోజే ముదీర్ దగ్గర కూర్చుని రిపోర్టు తిరగరాయించాను. రేడియోలో ఇప్పుడు ఎవరు అయిపోయిందన్నా, ఏది అయిపోయిందో విడమరిచి చెప్పేదాకా వదలను. సైకిలు మీద చెయ్యేసి, మనిషి ముఖం చూశాకే బిళ్ల జరుపుతాను. స్వీప్‌కు రోజూ నేనే వెళ్తాను. ఎవరూ లేరని తెలిసినా ప్రతి వాడీలోకీ దిగి, గట్టిగా కేకేసి, కాసేపు ఆగి వింటాను.