కుర్చీలు బోర్లించే గణపతిరావు గారు

గణపతిరావు గారికి కుర్చీ కంటపడితే చాలు, బోర్లించి చూడాల్సిందే. ఆ ఒక్కటీ పక్కన పెడితే ఆయనలో ఇంకో లోపం వెతకడానికి భూతద్దం కావాలి. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఒకరి మీద చాడీ చెప్పడం లేదు. కానీ కుర్చీ, స్టూలు, బెంచీ, సోఫా, నాలుగు కాళ్లున్నది ఏదైనా సరే, ఆయన ఎదురుపడిందంటే దాని కాళ్లు ఆకాశంలోకి లేవాలి. ఆ ఊళ్లో గేదెలు ఇంకా తిన్నగా నిలబడి ఉన్నాయంటే, అవి బరువు కాబట్టి.

ఆయన చీపురుపల్లికి కాస్త అవతల, పాత జమీందారు బంగళాలో ఉన్న మ్యూజియానికి క్యూరేటరు. ఆ జమీందార్లలో ఒకాయనకి సముద్రం అవతలి సామానంటే పిచ్చి. ఓడల మీద తెప్పించి ఇల్లంతా నింపేశాడు. గుమ్మంలోకి వెళ్లగానే ఇటలీ పాలరాతి పిల్ల చేతిలో పావురంతో ఎదురొస్తుంది. లోపల బంగారు పూత పూసిన ఫ్రాన్సు కుర్చీలు, ఇంగ్లండు రాతబల్ల, అమెరికా నుంచి వచ్చిన ఊగుడు కుర్చీ, ముందు కాళ్లు లేపిన కంచు గుర్రం. చుట్టూ వరిచేలు. బస్సులో పోయేవాళ్లెవరూ అక్కడ ఇంత వైభవం ఉందనుకోరు.

మ్యూజియం లోపల బోర్లించడం ఉద్యోగమే. "పైన మెరుగు ఎవడైనా పెడతాడమ్మా. అడుగున సూడాలి. సెయ్యి రంపంతో కోసినాడా, మిషను మీద కోసినాడా? మేకులు కొట్టినాడా, సెక్క సీలలు దిగ్గొట్టినాడా? కుర్సీ పుట్టుపూర్వోత్తరాలన్నీ దాని పొట్ట కిందే ఉంటాయి" అనేవారు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా ఆయన గేటు దాటి బయటికొచ్చాకే.

ఝాన్సీది పొందూరు. మ్యూజియంలో అసిస్టెంటుగా చేరడానికి ఇంటర్వ్యూకి వచ్చిన రోజే ఆ ముచ్చట తీరింది.

"కూర్చోమ్మా" అన్నారు గణపతిరావు గారు. ఆమె కూర్చోబోయింది.

"ఆగాగు!"

ఆయన లేచి వచ్చి, ఆ కుర్చీని తలకిందులు చేసి, నాలుగు కాళ్లూ తట్టి, ఊపి, మళ్లీ నిలబెట్టి, "ఆఁ, ఇప్పుడు కూకో" అన్నారు. ఆ తరవాత అడిగిన ప్రశ్నలు ఝాన్సీకి ఒక్కటీ గుర్తులేవు. ఉద్యోగం వచ్చినందుకు సంతోషించాలో, ఆ బస్సుకే వెనక్కి పోవాలో తెలియలేదు పాపం.

చేరాక తెలిసింది, అది చిన్న నమూనా మాత్రమేనని. మంగలి షాపుకి వెళ్తే సగం గడ్డంతో ఉన్న మనిషిని లేపి కుర్చీ అడుగు చూశారట. తాలూకాఫీసులో ఆఫీసరు గారు చేతులు కడుక్కోవడానికి వెళ్లి వచ్చేసరికి, తువ్వాలు కప్పిన ఆయన సింహాసనం శీర్షాసనం వేసి ఉందట. ఇక పెళ్లిళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక పెళ్లిలో ఝాన్సీ కళ్లారా చూసింది. ముందు వరసలో తీరుబడిగా కూర్చున్న పెద్దమనిషి దగ్గరికెళ్లి, "ఓపాలి లెగండి బాబూ" అన్నారు.

"ఏటండీ, నా కుర్సీ కింద ఏటున్నాది?"

"ఏటీ లేదు. లేదని సూసుకోవాల గదా!"

పెళ్లివారంతా మంత్రాలు వదిలేసి ఇటు తిరిగి నవ్వారు. గణపతిరావు గారి భార్య రాజకుమారి గారు వెనకే చేతిసంచీ పట్టుకుని నిలబడి, అందరికంటే ముందు నవ్వారు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నవ్వితే గాజులు కూడా నవ్వుతాయి. "ఈయనకిదో ఎర్రి లెండీ, మీరేటీ అనుకోకండి" అని, భర్త నిలబెట్టిన కుర్చీలో తాపీగా కూర్చుని విసనకర్ర తీశారు. ఝాన్సీకి సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతా ఒక ఎత్తు, రేఖాదేవి గారి సోఫా ఒక ఎత్తు. ఆవిడ జమీందారు గారి మనవరాలు. విశాఖపట్నంలో ఉంటారు. మ్యూజియంలో ఉన్న విదేశీ సామానంతా ఆవిడదే, కొన్నేళ్ల పాటు దాచమని ఇచ్చినదే. దాని కోసం కొత్త హాలు సిద్ధమవుతోంది, గడువేమో దగ్గర పడుతోంది కాబట్టి, శాశ్వతంగా ఇచ్చేయమని అడగడానికి గణపతిరావు గారు వెళ్లారు. ఆవిడ ఎంతో మర్యాదగా కూర్చోమన్నారు. ఈయన కూర్చుంటారా? అతిథులందరి ముందూ సోఫాని బోర్లించారు. అందులోంచి ఒక టీవీ రిమోటు, రెండు దువ్వెనలు, ఎవరో కొరికి దాచుకున్న జంతిక జలజలా రాలాయి.

తరవాత ఆవిడ ఫోను ఝాన్సీకి వచ్చింది.

"కొత్త హాలు ప్రారంభం రోజు నేనే వచ్చి దానపత్రం మీద సంతకం పెడతాను. మీరు హాలు బాగా అమర్చారని విన్నాను. కానీ ఒక్క మాట. నా ముందు ఎవరైనా ఒక్క కుర్చీ బోర్లించారో, లారీ తెప్పించి ఆ పాలరాతి పిల్లతో సహా మొత్తం పట్టుకుపోతాను."

ఆ హాలు ఝాన్సీ తన చేతులతో అమర్చింది. ఏ విగ్రహం మీద ఏ వేళకి ఎండ పడాలో చూసుకుంది. ఫ్రాన్సు కుర్చీల పట్టు గుడ్డకి ఎలుక వాసన తగలకుండా కాపాడింది. ఆ పాలరాతి పిల్లకి పొద్దున్నే పలకరింపు చెప్పకపోతే ఆమెకి టీ సయించదు. అవన్నీ లారీ ఎక్కి పోతే ఖాళీ గోడలకి కాపలా కాయాలి. వెళ్లి గణపతిరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఒక్కరోజు. ఆ ఒక్కరోజు మీరు ఏ కుర్చీ ముట్టుకోకూడదు."

ఆయన పక్కనున్న కుర్చీ కాళ్ల వంక ఒకసారి చూశారు. "అలాగేనమ్మా. నీ హాలు నిలబడాల, అదే ముఖ్యం" అన్నారు. కాస్త ఆగి, "అయితే మా ఆవిణ్ణి ఇంటికాడే ఉండమంటానులే" అన్నారు.

"అదేంటి సార్! ఆంటీ రావాల్సిందే. ఆవిడ లేకుండా ప్రారంభమేంటి? నేనే వెళ్లి పిలుస్తాను" అంది ఝాన్సీ. అన్నట్టే వెళ్లి బొట్టు పెట్టి మరీ పిలిచింది.

మాట ఇచ్చినా ఆయన చేతుల మీద ఆమెకి నమ్మకం లేదు. అందుకని టెంటు హౌసు త్రినాథ్‌ని పిలిపించింది. కుర్చీలన్నిటికీ తెల్లటి ముసుగులు తొడిగి, కాళ్ల దాకా లాగి, ఎర్ర రిబ్బను చుట్టమంది.

"ముడి ఎంత బిర్రుగా ఎయ్యమంతారు మేడం?"

"మా సార్ విప్పలేనంత."

"ఓలమ్మో! గణపతిరావు గోరేనా? అయితే పెల్లి ముడి సాలదు, పడవ ముడి ఎయ్యాల" అని నడుం బిగించాడు త్రినాథ్.

ప్రారంభం రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. రేఖాదేవి గారు వేదిక మీద, ముసుగు కుర్చీలో, కదలకుండా మెదలకుండా రాణిలా కూర్చున్నారు. గణపతిరావు గారు గోడవార చేతులు వెనక్కి కట్టుకుని, మిఠాయి కొట్టు ముందు నిలబడ్డ షుగరు రోగిలా ఆ కుర్చీల వంక చూస్తున్నారు. వేళ్లు మాత్రం వాటంతటవే కదులుతున్నాయి. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఝాన్సీ హమ్మయ్య అనుకుంది.

అప్పుడు చూసింది, రాజకుమారి గారు ఇంకా నిలబడే ఉన్నారు. పొందూరు ఖద్దరు చీర కట్టుకుని పాలరాతి పిల్ల పక్కనే నిలబడ్డారు.

"ఆంటీ, ఇన్ని కుర్చీలున్నాయి, కూర్చోండి."

"ఉండనీ అమ్మా. నిలబడితేనే నాకు బాగుంటాది."

రెండో ఉపన్యాసం అయింది. మూడో ఆయన జమీందారు గారి ముత్తాతల దగ్గర మొదలెట్టాడు. రాజకుమారి గారు ఈ కాలి మీద బరువు ఆ కాలి మీదకి మార్చుకుంటున్నారు. ముఖమంతా చెమట. ఝాన్సీ మళ్లీ వెళ్లింది.

"మోకాలు వంగదమ్మా ఈయాల" అన్నారు ఆవిడ నవ్వుతూనే. ఆ నవ్వులో గాజుల చప్పుడు లేదు.

మ్యూజియం ఊడ్చే జగ్గమ్మ వచ్చి ఝాన్సీ మోచెయ్యి పట్టుకుని కంచు గుర్రం వెనక్కి లాక్కుపోయింది.

"ఏటమ్మా, ఆయమ్మని అలగ బలవంతం సేత్తన్నావు? నీకు తెలీదేటి?"

"ఏం తెలీదు?"

"సీపురుపల్లిలో ఓ పెల్లికాడ ప్లాస్టిక్ కుర్సీ కాలిరిగి అమ్మగోరు కింద పడిపోనారు. లెగదీసినోడు లేడు, అందరూ ఒకటే నవ్వు. ఎవుడో సచ్చినోడు ఫోనులో తీసి ఊరంతా పంపినాడు. ఏడాది గుమ్మం దాటనేదమ్మా ఆ తల్లి. సారు బతిమాలి బతిమాలి, 'ముందుగాల నాను సూత్తాను, అప్పుడు నువ్వు కూకో' అని బయటికి తెచ్చినారు. ఆయమ్మ కుర్సీ ఒక్కటే సూత్తే జనానికి తెలిసిపోద్ది గదా? అందుకని అగుపించిందల్లా బోర్లించీడం మొదలెట్టినారు. జనం నవ్వుతారు, నవ్వనీ. ఆయన్ని సూసి గదా నవ్వుతన్నారు. అమ్మగోరి ఏపు ఒక్కుడూ సూడడు."

ఝాన్సీకి మంగలి షాపు కుర్చీ, తాలూకాఫీసు కుర్చీ, పెళ్లిలో ముందు వరస, ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఇద్దరూ కలిసి వెళ్లిన ప్రతిచోటా ఊరంతా గణపతిరావు గారిని చూసి నవ్వుతుంటే, ఆ సందట్లో రాజకుమారి గారు నిశ్చింతగా కూర్చునేవారు. ఆ నిశ్చింతకే తను త్రినాథ్‌తో పడవ ముడి వేయించింది. ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

వేదిక మీద రేఖాదేవి గారి చేతికి కలం ఇచ్చారు. చాటుగా ఒక్క కుర్చీ చూసి తెచ్చి వేస్తే అది ఎవరి కోసమో అందరికీ తెలిసిపోతుంది. ఆయన ఇన్నాళ్లూ కాపాడుకొచ్చిందే అది. అలా కాదు, ఆయన పద్ధతిలోనే చెయ్యాలి, అందరి మధ్యా చెయ్యాలి. చేస్తే లారీ వస్తుంది. ఝాన్సీ ఒక్కసారి పాలరాతి పిల్ల వైపు చూసింది. 'పోతే పోనీ తల్లీ' అనుకుంది.

పళ్లెంలో రిబ్బను కత్తిరించిన కత్తెర ఉంది. దాన్ని అందుకుని, తిన్నగా ముందు వరసకి వెళ్లి, బొజ్జ మీద చేతులు వేసుకుని కునుకుతున్న పెద్దమనిషితో, "ఓపాలి లెగండి బాబూ" అంది. ఆయన లేచాడు. ముడి కట్! ముసుగు లాగేసి, కుర్చీని గిర్రున తలకిందులు చేసింది.

గణపతిరావు గారు నోరు తెరిచారు, మూయడం మరిచిపోయారు.

"ఏమిటమ్మాయ్ ఇది? ఆయన్ని ఆపమంటే నువ్వు మొదలెట్టావా?" అన్నారు రేఖాదేవి గారు.

"అవునండీ."

"నేనేం చెప్పాను?"

"లారీ అన్నారండీ."

"మరి?"

"చూడకుండా ఎవరినీ కూర్చోబెట్టకూడదండీ. మా మ్యూజియం పద్ధతి" అంది ఝాన్సీ. కుర్చీ మాత్రం వదల్లేదు.

రేఖాదేవి గారు కలం కింద పెట్టారు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, గుడ్ల మీంచి కోడి లేచినట్టు లేచారు.

"అయితే ముందు నాది చూసి చావండి! వచ్చి కూర్చున్నప్పట్నుంచీ ఇది నా కింద అటూ ఇటూ ఊగుతోంది. లేస్తే పరువు పోతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. దగ్గొస్తే దగ్గు కూడా ఆపుకున్నాను."

గణపతిరావు గారు గోడ దగ్గర్నుంచి వేదిక మీదకి ఎలా వచ్చారో ఎవరూ చూడలేదు.

"సూడమంతారా అమ్మగారూ?"

"చూడవయ్యా మహానుభావా!"

ముసుగు తీసి బోర్లించారు. వెనక కాలు నిలువునా చీలి ఉంది. ఇంకొక్క దగ్గు దగ్గితే దానపత్రం కాదు, ఆసుపత్రి కాగితాలు రాసుకోవాల్సి వచ్చేది. అంతే, హాల్లో ఉన్నవాళ్లంతా ఒక్కుమ్మడిగా లేచారు. కత్తెర చేతులు మారింది. ఆఫీసర్లూ, మేస్టర్లూ, ఆడాళ్లూ, మగాళ్లూ ఎవరి కుర్చీ వాళ్లు బోర్లించి తట్టడం మొదలెట్టారు. త్రినాథ్ వెనక గుమ్మంలోంచి మాయమయ్యాడు.

రేఖాదేవి గారు సంతకం పెట్టడానికి చోటు వెతికి ఇంగ్లండు రాతబల్ల వైపు నడిచారు.

"దాన్ని తాకరాదమ్మా" అన్నారు గణపతిరావు గారు.

"ఇంకా నాదేనయ్యా!"

"సంతకం పెట్టగానే కాదు గదండీ!"

ఆవిడ పకపకా నవ్వి, కత్తెర పళ్లెం బోర్లించి, దాని మీద పెట్టి సంతకం చేశారు.

గణపతిరావు గారు ఒక మంచి కుర్చీ ఏరి, పాలరాతి పిల్ల పక్కన వేశారు. "రాజా, కూకో" అన్నారు. రాజకుమారి గారు కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని అబ్బా అనుకున్నారు. ఆయన ఝాన్సీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"కుర్సీని ఈపు పట్టుకుని ఎత్తినావు. తప్పు. ఎప్పుడూ సీటు కింద పట్టు పట్టాల" అన్నారు. అని, ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి, గబగబా అటు తిరిగిపోయారు. ఝాన్సీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమే పిల్లా, ఆయన జబ్బు నీకూ తగులుకున్నాదేటి? రా, ఇలగ కూకో" అని రాజకుమారి గారు పిలిచారు.

ఝాన్సీ పొంగిపోయి, అందిన కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది. వెదురుపుల్లలాంటి మనిషి, నిండా నలభై అయిదు కేజీలుండదు. ఫట్‌మని కాలు విరిగింది. ఝాన్సీ నేల మీద ఉంది, ముసుగు నెత్తి మీద ఉంది, రిబ్బను మెళ్లో ఉంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా రాజకుమారి గారు నవ్వారు. పొట్ట పట్టుకుని, గాజులన్నీ గలగలమనేలా, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వారు. అలా నవ్వుతూనే వంగి చెయ్యి అందించారు.

"లెగమ్మా, లెగు. సిగ్గెందుకు? నీ తప్పేటున్నాది? తప్పంతా ఆ దిక్కుమాలిన కుర్సీది!"

ఆ చెయ్యి పట్టుకుని ఝాన్సీ లేచింది. పక్కనే గణపతిరావు గారు అప్పటికే ఇంకో కుర్చీ బోర్లిస్తున్నారు.