అట్రాక్టా చదివిన పన్నెండు గంటలు

మా క్లూనారా ఊళ్ళో ఎవరు పుట్టారో తెలియకపోవచ్చు గానీ ఎవరు పోయారో తెలియకుండా ఉండదు. అదంతా అట్రాక్టా గిల్హూలీ పుణ్యం. ముప్పై ఏళ్ళుగా ఊరి రేడియోలో మధ్యాహ్నం పన్నెండున్నరకూ, సాయంత్రం ఆరింటికీ చావు కబుర్లు చదివేది ఆవిడే. ఏ చర్చిలో పూజ, ఎన్నింటికి, పూలు తేవచ్చా, ఇంటికి రావచ్చా అన్నీ చెబుతుంది. ఆ పది నిమిషాలూ ఏ వంటింట్లోనూ గిన్నె చప్పుడు వినిపించదు. మా దగ్గర పెళ్ళికి వెళ్ళకపోతే సర్దుకుంటారు, చావుకు వెళ్ళకపోతే మనవల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు.

నేను అదే రేడియోలో అద్దానికి ఇవతల కూర్చుని మీటలు తిప్పేవాణ్ణి. చదివేముందు అట్రాక్టా ఒక కప్పు వేడినీళ్ళు తాగుతుంది. ప్రతి వరస కిందా చెక్క స్కేలు పెట్టుకుని చదువుతుంది. కొత్తగా చేరినవాళ్ళు ఆ స్కేలు చూసి ఎంత జాగ్రత్తో అని ముచ్చటపడతారు. చెయ్యి కాలాక వచ్చిన జాగ్రత్త అని నాకొక్కడికే తెలుసు.

పద్దెనిమిదేళ్ళ కిందట మలకీ టియర్నన్ గుండె ఆగి పోయాడు. అంతకు మూడేళ్ళ ముందు మాంసం ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. ఊరంతా గేటు బయట నిలబడితే మలకీ లోపలికి వెళ్ళి పని చేశాడు. వాళ్ళ ఆవిడ గొరెట్టికి అప్పుడు నెలలు నిండాయి, ఆ బిడ్డ దక్కలేదు కూడా. అయినా ఊళ్ళో వాళ్ళు అతని మొహాన ఉమ్మేశారు. అతని చావు కబురు మంగళవారం మధ్యాహ్నం చదవడం అయిపోయాక వచ్చింది. అందుకని సాయంత్రం ఒక్కసారే చదివాం. మర్నాడు పదకొండింటికి పూజ, అయిన వెంటనే దహనానికి డబ్లిన్ తీసుకెళతారు. అదే కాగితంలో పై వరసలో ఇంకెవరిదో, పక్క ఊరి చర్చిలో పన్నెండింటి పూజ ఉంది. అట్రాక్టా చూపు పైకి జారింది. పన్నెండు అని చదివింది.

నేనూ అదే విన్నాను. నల్ల టై కట్టుకుని పన్నెండుకు పది నిమిషాల ముందు వెళ్ళాను. చర్చి తలుపుకి తాళం వేసి ఉంది. వానలో నూట ముప్పై మందిమి నిలబడ్డాం. అందరికంటే ముందొచ్చినవాళ్ళు సమ్మెవాళ్ళే. వాళ్ళ నాయకుడు ప్యాకీ డోలన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు.

"వేళ మార్చుకున్నట్టున్నారు. మన మొహాలు చూడదలుచుకోలేదు," అన్నాడు. "మనం చేసింది తక్కువా ఏంటి. పదండి."

ఇంటికి వెళ్ళి ఓదారుద్దామంటే ఎవరూ రావద్దని రేడియోలోనే చెప్పారు. దాంతో ఎవరి దారిన వాళ్ళు పోయాం. పదకొండింటి పూజలో ఉన్నది మొత్తం ఏడుగురట. తన భర్తను చచ్చాక కూడా ఊరు వెలివేసిందని గొరెట్టి అనుకుంది.

కాగితాలు ఫైల్లో పెడుతూ ఆ మధ్యాహ్నమే అట్రాక్టా తప్పు చూసుకుంది. కోటు కూడా వేసుకోకుండా టియర్నన్ల ఇంటికి పరిగెత్తింది. తలుపు మీద చీటీ ఉంది, ఎవరూ రావద్దని. "ఆ మాట ఊరందరికీ చదివి వినిపించింది నేనే. నేనే ఎలా తట్టను కొలమ్?" అంది తిరిగొచ్చి. వారం ఆగుదామనుకుంది. వారం నెలయింది. అప్పటికే గొరెట్టి ఊళ్ళో పలకరింపులు మానేసింది, సరుకులకు పక్క ఊరికి వెళ్ళడం మొదలుపెట్టింది, ఎవరి చావుకూ వెళ్ళడం లేదు. "నువ్వు నోరెత్తకు, నేనే చెబుతాను," అని నాతో ఒట్టు వేయించుకుంది. నేను పిరికివాణ్ణి, ఆ ఒట్టు నాకూ హాయిగానే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు.

మలకీ పోయినప్పుడు కొడుకు ఫియక్రాకి ఎనిమిదేళ్ళు. రేడియోలో నాన్న పేరు వస్తుందని క్యాసెట్ పెట్టి రికార్డు చేసుకున్నాడు. అది మాకెవరికీ తెలియదు. పూజ నిజంగా ఎన్నింటికి జరిగిందో ఆ వయసులో వాడికేం గుర్తుంటుంది. ఇప్పుడు వాడు లో ఫీల్డ్స్ అనే బ్యాండులో పాడుతున్నాడు. పాడుతున్నాడనడం మర్యాదకి, పళ్ళు బిగపట్టి తిడతాడు, వెనక గిటార్లు కొడవలి నూరినట్టు ఉంటాయి. పోస్ట్-పంక్ అంటారట. ఈ వసంతంలో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది, పేరు 'ఇంటికి రావద్దు'. చివరి పాటలో వాయిద్యాలన్నీ ఆగి అట్రాక్టా గొంతు వినిపిస్తుంది. "మలకీ టియర్నన్, మిల్ లేన్. రేపు పన్నెండు గంటలకు పూజ. ఇంటికి మాత్రం ఎవరూ రావద్దని మనవి." ఆ వెంటనే డ్రమ్ములు పడతాయి, ఫియక్రా "ఎవరూ రాలేదు" అని గొంతు పగిలేలా అరుస్తాడు. గ్లాస్గోలోనూ లండన్‌లోనూ జనం ఆవిడతో కలిసి ఆ కబురు అప్పజెబుతున్నారట.

అట్రాక్టా రాత్రికి రాత్రి గొప్పదైపోయింది. కూరగాయల కొట్టులో పిల్లలు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఆవిడ మాత్రం సగానికి సగం చిక్కిపోయింది.

"మార్చలేరా కొలమ్? ఒక్క అంకె."

"అచ్చయి కొట్లలోకి వచ్చేసింది, అట్రాక్టా."

ఫియక్రా రేడియోకి వచ్చినప్పుడు చెప్పేద్దామని ఆవిడ లేచి నిలబడింది. వాడు వచ్చీ రాగానే వాటేసుకున్నాడు. "ఆ రోజు మా నాన్న వైపు నిలబడ్డ గొంతు ఈ ఊళ్ళో మీదొక్కటే," అన్నాడు. ఇంకేం చెబుతుంది. వేడినీళ్ళ కప్పు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

పోయిన ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా ఊరి హాల్లో వాళ్ళ కచేరీ. పిల్లా పెద్దా రావచ్చన్నారు. వెనక బల్ల మీద టీ, హ్యామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. సౌండు చూడమని నన్ను పిలిచారు, అట్రాక్టా నా పక్కనే నిలబడింది. కాసేపటికి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తలుపు దగ్గర గొరెట్టి ఉంది. కొడుకు బతిమాలితే వచ్చిందట. కోటు విప్పకుండా గోడ పక్కన కూర్చుంది. ఆ చివరి పాట ఆవిడ ఒక్కసారి కూడా వినలేదని మాకు తెలుసు.

"ఆ టేపు ఆపెయ్, కొలమ్. నీకు దణ్ణం పెడతాను."

"అది నా దగ్గర లేదు. డ్రమ్ములవాడి కాలి కింద మీటలో ఉంది."

గిటార్లు ఆగాయి. అట్రాక్టా పాత గొంతు హాలంతా నిండింది. పన్నెండు గంటలకు అని నాలుగు వందల మంది ఒక్కసారే అన్నారు. గొరెట్టి తల ఎత్తింది. వాచీ వైపు చూసుకుంది, ఎందుకో పాపం. లేచి జనాన్ని తోసుకుంటూ నేరుగా మా దగ్గరికి వచ్చింది.

"పదకొండు కదా, అట్రాక్టా."

"పదకొండే. నేనే తప్పు చదివాను."

"మరి పన్నెండుకి?"

"వచ్చారు. నూట ముప్పై మంది. వానలో నిలబడ్డారు."

"సమ్మెవాళ్ళు?"

"వాళ్ళే ముందొచ్చారు. ప్యాకీ డోలన్ టోపీ తీసి నిలబడ్డాడు."

గొరెట్టి తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది నాకు. "ప్యాకీ పోయాడని నువ్వు చదివినప్పుడు నేను రేడియో కట్టేశాను," అంది. "ఎదురిల్లే. నాలుగు అడుగులు. వెళ్ళలేదు." తర్వాత, "ఇంకా ఎవరొచ్చారు?" అని అడిగింది.

అట్రాక్టాకి ఇంకో గొంతు రాదు. రేడియోలో చదివే గొంతుతోనే మొదలుపెట్టింది. నోరా బీర్న్, స్టేషన్ రోడ్. టామ్ గెరటీ, కిల్మోర్. అందరూ ఆ తర్వాతి ఏళ్ళలో పోయినవాళ్ళే, ఆవిడ స్కేలు పెట్టి చదివిన పేర్లే. గొరెట్టి చెవి దగ్గరగా వంచింది. అప్పుడే డ్రమ్ములు పడ్డాయి, పేర్లు వినిపించడం మానేశాయి. అయినా అట్రాక్టా పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొరెట్టి వంగే ఉంది.

స్టేజీ మీద ఫియక్రా మైకు జనం వైపు తిప్పాడు. ఎవరూ రాలేదు, ఎవరూ రాలేదు అని హాలు అదిరిపోయింది. ముందు వరసలో అందరికంటే గట్టిగా అరుస్తున్నది ప్యాకీ డోలన్ మనవరాలు.