ఏడో ప్రశ్నకు ఎప్పుడూ సి

సుకన్య ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. హనుమకొండ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపే రమాకాంత్‌ను పెళ్లాడి పన్నెండేళ్లయినా ల్యాబు అలవాట్లు పోలేదు. పాలాయన నీళ్లు కలుపుతున్నాడని అనుమానం వస్తే లాక్టోమీటరు తెప్పించి, అతని ముందే ముంచి చూపించింది. అత్తగారి బీపీ మూడుసార్లు చూసి సగటు రాస్తుంది. ప్రయోగం చేయకుండానే రీడింగులు రాసుకునే తోటి విద్యార్థులంటే ఆమెకు ఆ రోజుల్లోనే రోత. అంతటి మనిషి కిషన్ రావు చేతిలో బోల్తాపడింది.

కిషన్ రావు నవోదయ కోచింగ్ సారు. అంతకుముందు ప్లాట్లు అమ్మేవాడు. సరుకు మారింది గానీ నోరు మారలేదు. నయీంనగర్‌లో మూడో అంతస్తు మీద రేకుల షెడ్డు వేసి, అరవై మంది ఐదో తరగతి పిల్లలను కుక్కాడు. ఆదివారం పొద్దున పరీక్ష, సాయంత్రానికి ర్యాంకుల పట్టీ వాట్సాప్ గ్రూపులో. దాని కింద తల్లిదండ్రుల దండాలు, పూలగుత్తులు.

నవోదయ ప్రవేశపరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. సీట్లు పదుల్లో, రాసేవాళ్లు వేలల్లో. పోతే పోయినట్టే. ఈ ఒక్క మాటే సుకన్య బుర్రకు తాళం వేసింది. కూతురు సౌమ్య మార్కులు నలభై నుంచి అరవై రెండున్నరకు, ఎనభైకి, చివరికి తొంభై ఆరుంబావుకు ఎక్కాయి. సుకన్య వాటికి గ్రాఫు గీసి ఫ్రిజ్ మీద అతికించింది, స్టేటస్‌లో కూడా పెట్టింది. గీత అంత నున్నగా ఎందుకు లేస్తోందని మాత్రం అడగలేదు.

రమాకాంత్ అడిగాడు. "నాలుగు వారాల సంది అదే పేపర్ ఇస్తాండు గదా మీ సారు. సిన్మా నాలుగుసార్లు జూస్తే డైలాగులు నాకు గూడ వస్తయ్."

"మీరు గిన్నెల సంగతి జూసుకోండ్రి. దాన్ని రివిజన్ అంటరు," అంది సుకన్య.

అన్నది గానీ, ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం కత్తెర, గమ్ము పట్టుకుని కూర్చుంది. అదే పేపరులో ప్రశ్నలను ముట్టుకోకుండా, కింది జవాబుల వరుస మాత్రం మార్చి అతికించింది. ఎ ఉన్నచోట డి, సి ఉన్నచోట బి. దాన్ని జిరాక్స్ తీయించి సౌమ్య ముందు పెట్టింది.

రెండు గంటల పేపరును సౌమ్య ఇరవై నిమిషాల్లో ముగించి పెన్సిల్ పెట్టెలో పడేసింది. వచ్చినవి వందకు ముప్పై ఒకటింబావు. కళ్లు మూసుకుని బబుల్స్ నింపినా సగటున ఇరవై ఐదు వస్తాయి. ఆరు నెలల కోచింగు విలువ ఆరుంబావు మార్కులన్నమాట.

"ఏడోది బి కదరా. సి ఎందుకు పెట్టినవ్?"

"నువ్వే తప్పు అతికించినవ్ మమ్మీ. ఏడోది ఎప్పుడైనా సి నే."

"ఎందుకు సి?"

సౌమ్య తల్లిని జాలిగా చూసింది. "సార్ చెప్పిండు."

ఆదివారం సుకన్య ఆ పేపరుకు అరవై జిరాక్సులు తీయించి, సౌమ్యను వెంటబెట్టుకుని కోచింగ్ మెట్లెక్కింది. కిషన్ రావు పిల్లలను దింపడానికొచ్చిన తల్లిదండ్రుల మధ్య నిలబడి చాయ్ తాగుతున్నాడు.

"సార్, ఈ పేపర్ ఒక్కసారి అందరితోని రాయించుండ్రి. ప్రశ్నలు మీయే. జవాబుల వరుసొక్కటే మార్చిన, మా పాపకు ముప్పై ఒకటి వచ్చినయ్."

ఆయన కాగితం తిరగేసి నవ్వాడు. "మేడమ్, మీరు పెద్ద సదువులు సదివిన్రు గనీ ఈ లైన్ల మీకు అనుభవం లేదు. పరీక్షకు ఏడు వారాలే ఉన్నయ్. ఇప్పుడు పిల్లల కాన్ఫిడెన్స్ ఖరాబ్ చేస్తమా?"

"లేని చదువుకు కాన్ఫిడెన్స్ ఏంది సార్? ఏడో ప్రశ్నకు సి ఎందుకో మీ ఫస్ట్ ర్యాంకును పిలిచి అడుగుండ్రి. నేను ఈడనే నిలబడ్త."

కిషన్ రావు పిలవలేదు. ఆయన తరఫున నెక్కొండ నుంచి రైలెక్కి కొడుకును తెచ్చే సారయ్య అందుకున్నాడు. "అక్కా, మా పిలగానికి తొంభై దాటుతున్నయ్. మీ పాపకు రాకుంటే మీరు ఇంట్ల జూసుకోండ్రి. మా ముంగట ఈ పంచాయితీ ఎందుకు?"

తక్కినవాళ్లు తలలూపారు. తొంభై ఇచ్చేవాడిని వదిలి ముప్పై చూపించేదాని వెంట ఎవరొస్తారు? పోయిన ఆదివారం దాకా ఆ తలల్లో తనదీ ఒకటి. సారయ్య మీద వచ్చిన కోపంలో సగం తనకే తగిలింది.

సుకన్య లోపలికి వెళ్లి, పరీక్షకు కూర్చున్న కూతురి సంచి అందుకుంది.

"నేను రాను. నాది సెకండ్ ర్యాంక్," అని సౌమ్య బెంచీ పట్టుకుంది. మూడు అంతస్తులూ ఏడుస్తూనే దిగింది. స్కూటీ మీద తల్లిని పట్టుకోకుండా వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక, సౌమ్య ఎన్నడూ చూడని పేపరొకటి తీసి, సుకన్య ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చింది. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నది పట్టుకోవాలి. సౌమ్య ముక్కు ఎగబీలుస్తూ, కాగితం అటూ ఇటూ తిప్పుతూ పదకొండు నిమిషాలు చూసింది.

"బి."

"ఎందుకు?"

"తక్కినవాటికి గీతలు నాలుగున్నయ్. దీనికి అయిదున్నయ్."

సుకన్య వెనక పేజీలో చూసింది. జవాబు డి.

"తప్పా?" అంది సౌమ్య.

"తప్పే. గనీ గీతలు లెక్కవెట్టాలని నాకు గూడ తట్టలేదు. డి ఎందుకయిందో ఇద్దరం చూద్దాం, ఇటు జరుగు."

సౌమ్య జరగలేదు. కాగితాన్ని మాత్రం తన వైపు లాక్కుంది.